ఐదో తరగతి, బి సెక్షన్ ఫ్యాను

పేర్లక్క నన్ను టిఫిన్ డబ్బాతో కొట్టిన రోజున నా కొట్లో ఒక్క గాజు వస్తువు కూడా మిగల్లేదు.

నాది పాత సామాన్ల కొట్టు. ఒకరికి అక్కర్లేనిది కొని, ఇంకొకరికి అక్కరకొచ్చేదాకా దుమ్ము దులుపుతూ కూర్చోవడం నా పని. ఆ పొద్దున షట్టరు నడుం దాకా ఎత్తానో లేదో, పదిహేనుమంది తల్లులు వంగి లోపలికి వచ్చేశారు. అందరికంటే ముందు ఆవిడ. కొట్టు ముందు నేను వేలాడదీసిన స్టీలు టిఫిన్ డబ్బాను తెంపి చేత్తో పట్టుకుంది. దాని మూత మీద ఎవరో పిల్లవాడి పేరు, తరగతి, సెక్షన్ చెక్కి ఉన్నాయి. చెక్కింది ఆవిడే.

"ఇది ఎవరిదో చదవండి" అంది.

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా" అన్నాను. జోడు నా జేబులోనే ఉంది.

డబ్బా అంచు నా కనుబొమ్మ మీద దిగింది. నేను నెత్తురు తుడుచుకునేలోపు మిగతావాళ్లు పని మొదలుపెట్టారు. అద్దాల బీరువా బోర్లా పడింది. గోడ గడియారాలను ఒకదాని తర్వాత ఒకటి నేలకేసి కొట్టారు. ఒక పొట్టావిడ పై అర అందక, స్టూలు ఎక్కడుందని నన్నే అడిగింది. భయంలో నేను చూపించాను కూడా. ఆవిడ దానిమీదికెక్కి, పైనున్న పింగాణీ అంతా ఒక్క చేత్తో కిందికి తోసేసింది.

తప్పు నాదే. బడి గేటు దగ్గర పిల్లల డబ్బాలు, సీసాలు, గొడుగులు ఎత్తుకొచ్చి అమ్మేవాడు ఒకడుండేవాడు. దొంగ సొత్తని తెలిసే కొన్నాను. తెలియక కొన్నానని ఊరంతా చెప్పుకున్నాను గానీ, ఈ వయసులో ఇంకా దాచి ఏం బావుకుంటాను.

"ఎవడు అమ్మాడు?" అని ఆవిడ నా చొక్కా పట్టుకుని అడిగింది. నేను నోరు విప్పలేదు. అమ్మినవాడంటే నాకు ఆవిడకంటే ఎక్కువ భయం. వాడు ఆవిడ సొంత తమ్ముడు.

ఆ రోజు నుంచి మా వీధిలో పాత సామాన్లు కొనే ఆరు కొట్లవాళ్లం ఒక మాట మీదికొచ్చాం. బడిపిల్లల పేరు, తరగతి ఉన్న వస్తువు బంగారమైనా సరే, ముట్టకూడదు. మాకు బుద్ధొచ్చి కాదు, గాజు సామాను మీద ప్రేమతో. కారణం ఏదైతేనేం, కట్టుబాటు నిలిచింది. పేరున్న సీసా ఎక్కడ దొరికినా సాయంత్రానికల్లా బడికి చేరిపోయేది.

ఆవిడ గురించి చెప్పాలి. బజారులో స్టీలు సామాన్ల కొట్టు అరుగు మీద చిన్న బల్ల వేసుకుని కూర్చుని పేర్లు చెక్కేది. కరెంటు పెన్ను, దాని మొన సూది కంటే కాస్త లావు. బళ్లు తెరిచే వారంలో ఆవిడ ముందు వరస మలుపు దాకా ఉండేది. డబ్బాలు, సీసాలు, జామెట్రీ పెట్టెలు, సైకిలు గంటలు, చివరికి చెప్పుల బకిల్స్ కూడా. ఎవరి అసలు పేరూ గుర్తుంచుకోని మా బజారు, అందరి పేర్లూ రాసే ఆవిడను పేర్లక్క అని పిలిచి ఊరుకుంది. నాకంటే పదేళ్లు చిన్నదైనా నేనూ అక్కా అనే అంటాను. దెబ్బ తిన్నవాడికి వయసు లెక్కలెందుకు.

పని వాళ్ల నాన్నది. ఆయన కాలంలో కరెంటు పెన్ను లేదు, వేలెడు ఉలి, గుప్పెట్లో ఇమిడే సుత్తి. తల్లి తమ్ముణ్ణి కని పోయింది. తండ్రి పోయేనాటికి ఈవిడకు పద్నాలుగు, వాడికి ఆరు. రెండు గదుల ఇల్లు ఇద్దరి పేరా రాసి వెళ్లాడు. ఆవిడ బడి మానేసి ఉలి పట్టింది. తమ్ముణ్ణి మాత్రం బడికి పంపింది. వాడి పలక మీద, డబ్బా మీద, బెల్టు బకిల్ మీద పేరు చెక్కి, "పేరున్నది నీది. ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఇంకొకళ్ల పేరున్నది నీది కాదు. ముట్టకు" అని చెప్పింది.

వాడు మొదటి సగమే విన్నాడు. ఎనిమిదేళ్లప్పుడు పక్కవాడు వాడి పలక మీద చెయ్యి వేస్తే, అదే పలకతో వాడి ముందు పళ్లు రెండు రాలగొట్టాడు. మాస్టారు అక్కను పిలిపిస్తే, "నా పేరుంది కదా అక్కా" అన్నాడట. ఏడవలేదు, భయపడలేదు, న్యాయం తన వైపున్నవాడిలా నిలబడ్డాడట. ఆవిడ ఆ పిల్లవాడి తల్లి కాళ్లు పట్టుకుంది. ఇంటికి తీసుకెళ్లి వీణ్ణి ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. తల్లి లేని పిల్లాడని. మొక్కై వంగనిది మానై వంగునా అని మనం ఊరికే అంటాం గానీ, ఆ మొక్కను వంచాల్సిన చెయ్యి కూడా పదహారేళ్ల పిల్లదే.

పెద్దయ్యాక వాడికి గునపం అని పేరు పడింది. గోడౌన్లో మూటలు మోసేవాడు. మేస్త్రీతో గొడవపడి, గడియ వేసుకున్న తలుపును గునపంతో పగలగొట్టి మరీ ఆయన్ను బయటికి లాగి కొట్టాడు. ఆ తర్వాత ఎక్కడా పని దొరకలేదు. దొరికినచోట నెల నిలవలేదు. అన్నిటికీ కారణం అక్క తన వాటా నొక్కేయడమేనని వాడి నమ్మకం. ఇల్లు అమ్మి పాత వ్యాను కొనుక్కుంటే రాజాలా బతుకుతానని నా కొట్టు ముందు కూర్చుని రోజూ చెప్పేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అనుకునేవాణ్ణి, పైకి అనేవాణ్ణి కాదు.

అక్కకు పెళ్లయింది. మొగుడు బస్సు కండక్టరు, మెత్తని మనిషి. బస్సులో యాభై మందిని "ముందుకు జరగండి" అని గద్దించేవాడు ఇంట్లో బావమరిది అడుగు చప్పుడు వింటే తనే జరిగిపోయేవాడు. ఒక కూతురు. ఆ పాప ఐదో తరగతికి వచ్చిన ఏడు ఇంట్లో వస్తువులు మాయం కావడం మొదలైంది.

ముందు వాడి వాటా వస్తువులే పోయాయి. తండ్రి పోయినప్పుడు ఆవిడ ఇంట్లో ఉన్నదంతా సగం చేసి, వాడి సగం మీద వాడి పేరు చెక్కి దాచింది. గిన్నెలు, గంగాళం, తండ్రి కుర్చీ. వాడు అవన్నీ అమ్ముకున్నాడు. వాడిది వాడు అమ్ముకున్నాడు, నేను కొన్నాను, ఆవిడ మమ్మల్నిద్దర్నీ ఒక్క మాట అనలేదు. తర్వాత ఆవిడ ఇస్త్రీపెట్టె పోయింది. గోడ గడియారం పోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆవిడ పట్టుకోవడానికి ప్రయత్నించలేదు. అంతకంటే తెలివైన పని చేసింది.

ఒక ఆదివారం కూర్చుని తన సగంలో ఉన్న ప్రతి వస్తువు మీదా పాప పేరు, తరగతి, సెక్షన్ చెక్కింది. స్టవ్వు మీద, కుట్టు మిషను మీద, బిందె మీద, తలుపు గొళ్లెం మీద. నిచ్చెన వేసుకుని ఫ్యాను రెక్కల మీద కూడా. వాడి మంచం, ట్రంకుపెట్టె, కంచం మాత్రం ముట్టుకోలేదు.

మంగళవారం గునపం ఆ ఫ్యాను భుజాన వేసుకుని నా కొట్టుకొచ్చాడు.

"ఏంటి అలా చూస్తావు, పట్టుకో" అన్నాడు.

"రెక్క మీద ఏదో రాసుందిరా."

"రాసుంటే?"

"ఐదో తరగతి, బి సెక్షన్ అని ఉంది."

వాడు రెక్కను తిప్పి చూశాడు. "ఫ్యాను బడికెళ్తుందా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వాను. వాడు ఫ్యానును రెండు చేతులతో ఎత్తి నా మీదికి విసిరాడు. నేను పక్కకు తప్పుకున్నాను గనక బతికాను. కొత్తగా పెట్టించుకున్న అద్దాల బీరువా మళ్లీ పోయింది. మిగతా అయిదు కొట్లకూ తిరిగాడట. అందరూ అదే మాట అన్నారు. వాడు ఇంటికి వెళ్లి అక్కను జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు.

మర్నాడు ఆవిడ బల్ల దగ్గరే ఉంది. చెంప వాచి ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితోనే ఎవరిదో సీసా మీద పేరు చెక్కుతోంది. గీత ఎక్కడా వంకర పోలేదు.

నాకు ఉండబట్టలేదు. "ఆ రోజు ఆ టిఫిన్ డబ్బా అమ్మింది కూడా వాడేనక్కా. చెప్పలేకపోయాను" అన్నాను.

"నాకు ఆ రోజే తెలుసు అన్నయ్యా" అంది, తలెత్తకుండా. "అందుకే మిమ్మల్ని అంత గట్టిగా కొట్టాను."

అప్పటిదాకా నాకు తగిలింది నా దెబ్బే అనుకున్నాను.

"బయటికి గెంటెయ్యవచ్చు కదా" అన్నాను.

"ఎక్కడికి గెంటను? సగం ఇల్లు వాడిది. నాన్న ఇచ్చాడు."

"నిన్ను కొట్టే హక్కు కూడా మీ నాన్నే ఇచ్చాడా?"

ఆవిడ ఇంకో సీసా అందుకుంది. ఆవిడ మీద నాకు కోపం రావడం అదే మొదలు. మంచితనానికి ఒక హద్దుండాలి. హద్దు దాటితే అది ఎదుటివాడికి ఆయుధం అవుతుంది.

తర్వాత వాడు ఎక్కణ్ణుంచో ఇనుము కోసే గ్రైండరు తెచ్చి వస్తువుల మీద పేర్లు అరగదీయడం మొదలుపెట్టాడు. కుట్టు మిషను తెచ్చాడు. పేరు ఉండాల్సిన చోట అరచేయంత మచ్చ తళతళ మెరుస్తోంది. వద్దన్నాను. నా మూతి మీద గుద్దాడు. కింది పన్ను ఒకటి ఊడి నాలుక మీద పడింది, ఉమ్మాను. వాడు మిషనును వీధిలోనే వదిలేసి పోయాడు. నేనూ పక్క కొట్టాయనా మోసుకెళ్లి ఇచ్చివచ్చాం. పాప వాకిట్లోకొచ్చి, "కొట్టు మామయ్యా, నీ నోట్లో రక్తం" అంది. ఏం లేదమ్మా అన్నాను. ఆ ఇంట్లో వస్తువులు అన్నీ అలాగే ఉండేవి, ఎక్కడో ఒకచోట మచ్చతో. తల్లి చేతి మీద కూడా ఒకటుంది, కాలిన మచ్చ. అడగలేదు.

ఇక వస్తువులు దండగని వాడికి అర్థమైంది. ఇంటి కాగితం మీద పడ్డాడు. ఎవడో బ్రోకరు, కాగితం తెచ్చిస్తే మిగతాది తను చూసుకుంటానన్నాడు. వాడు ఇల్లంతా వెతికాడు. పరుపులు చీల్చాడు, పెంకులు తీశాడు. ఆ కాగితం పోతే పాపకు తల దాచుకునే నీడ లేదు. కాగితం ఉన్నంతకాలం ఆ నీడలో వాడూ ఉంటాడు. అక్క పడ్డ చిక్కు ఇదీ.

కాగితం ఎక్కడుందో అప్పుడు నాకు తెలియదు. తర్వాత తెలిసింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఆవిడ ఒక పాత నోటు పుస్తకంలో దాన్ని దారంతో కుట్టి, ఖాకీ అట్ట వేసి, చీటీ అంటించి, పాప పేరు, తరగతి, సెక్షన్, కింద 'లెక్కలు' అని రాసింది. పాప బడి సంచిలో అడుగున పెట్టింది. వాడు ఇల్లు తవ్వే వేళకు ఆ కాగితం బడిలో బల్ల కింద భద్రంగా ఉండేది. జన్మలో పుస్తకం తెరవనివాడికి పుస్తకాల సంచి గుర్తుకురాదని ఆవిడ ధైర్యం. నిజంగానే రాలేదు. గుర్తుచేసింది నేను.

శనివారం మధ్యాహ్నం. వాడు నా కొట్టు మెట్టు మీద కూర్చుని గొణుగుతున్నాడు. అంతా వెతికానని, నేల కూడా తవ్వానని. నా పన్ను ఊడగొట్టినవాడు ఓడిపోయాడని నాకు లోపల సంబరం. ఆ సంబరంలో అన్నాను. "నువ్వు ముట్టని చోటు ఒక్కటే ఉందిరా, పుస్తకాల సంచి. నీకూ దానికీ పుట్టినప్పటి నుంచీ పడదు కదా."

వెక్కిరిద్దామనే అన్నాను. వాడు నవ్వలేదు. నా వైపు ఒక్క క్షణం చూసి, లేచి, వెళ్లిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. అది నాకు తెలిసిన సామెతే. తెలిసి ఏం ప్రయోజనం.

వాడు ఎక్కడికి వెళ్లాడో నా బుర్రకెక్కడానికి అయిదు నిమిషాలు పట్టింది. మోకాళ్ల నొప్పులతో పరిగెత్తడానికి ఇంకో పది.

నేను వెళ్లేసరికి ముందు గదిలో పుస్తకాలన్నీ నేల మీద ఉన్నాయి. గునపం పాప చేతిని వెనక్కి మెలితిప్పి పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో పుస్తకం అట్టా చింపుతున్నాడు. పాప ఏడవడం లేదు, నోరు తెరిచి ఉంది, గొంతు రావడం లేదు. ఇంట్లో పని చేసుకునే శనివారం కాబట్టి అక్క చిన్న బల్ల మూలనే ఉంది, దానిమీద కరెంటు పెన్ను, అడ్డదిడ్డంగా పిల్లల సీసాలు, కరెంటు పోయినప్పుడు వాడుకునే తండ్రి ఉలి. ఆవిడ పెదవి చీలి గడ్డం మీదుగా నెత్తురు కారుతోంది.

"లెక్కల పుస్తకంరా" అంటోంది. "రెండున్నాయి, అడుగునది. అందులో ఉంది. తీసుకో. పాప చెయ్యి వదులు."

ఇచ్చేసింది. ఇల్లు ఇచ్చేసింది. ఇన్నాళ్లు కాపాడినదాన్ని పాప చేతి కోసం ఒక్క ముక్కలో ఇచ్చేసింది. కథ అక్కడితో ఆగితే ఎంత బాగుండేది.

వాడు సంచి బోర్లించి దులిపాడు. రెండు లెక్కల పుస్తకాలూ లేవు.

"టీచరు తీసుకుంది మామయ్యా" అంది పాప, అప్పటికి గొంతు వచ్చి. "నిన్న. దిద్దడానికి. లెక్కలవి అన్నీ పెట్టమంది, లీడరు నా సంచిలోవి రెండూ తీసేసింది."

నిజం. ఆ పిల్ల అక్షరం కూడా అబద్ధం చెప్పలేదు. తల్లి అంత పద్ధతిగా చీటీ రాస్తే క్లాసు లీడరు పాపం ఏం చేస్తుంది. లెక్కలు అని ఉన్నవన్నీ ఏరి బల్ల మీద పెట్టింది. ఇంటి కాగితం నలభై మంది పిల్లల హెచ్చవేతల మధ్య స్టాఫ్ రూము బీరువాలో తాళం వేసి ఉంది. బడి సోమవారం గానీ తెరవరు.

"తల్లీ కూతుళ్లు బాగా నేర్చుకున్నారే" అన్నాడు గునపం. ఇంకో మెలి తిప్పాడు.

చప్పుడు చాలా చిన్నది. పెన్సిలు విరిగినంత. కానీ ఆ గదిలో ఉన్న మా నలుగురికీ వినిపించింది.

నేను వాడి మీద పడ్డాను. ఇలా చెప్పుకుంటే నేనేదో చేసినట్టుంటుంది. వాడు మోచేత్తో ఒక్క తోపు తోస్తే వెళ్లి గోడకు కొట్టుకుని కూలబడ్డాను, ఊపిరి అందలేదు. వాడు బల్ల మీది స్టీలు సీసా అందుకున్నాడు, నిండుగా నీళ్లున్న సీసా. "చెప్తావా చెప్పవా" అంటూ పాప తల మీదికి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దిగేలోపు పేర్లక్క ఉలి తీసుకుని వాడి పక్కటెముకల కింద పొడిచింది.

సీసా జారి పడి గదంతా నీళ్లయ్యాయి. వాడు పాపను వదిలేశాడు. మోకాళ్ల మీద కూలి, కడుపు పట్టుకుని, నమ్మలేనట్టు అక్క వైపు చూశాడు. అయిపోయింది. వాడి చేతుల్లో ఇంక ఏమీ లేదు, పాప అప్పటికే తలుపు దగ్గరికి పాకింది. ఆవిడ ఉలి బయటికి లాగి మళ్లీ పొడిచింది.

రెండోది అక్కర్లేదు. నేను గోడ పక్కన కూర్చుని చూశాను, అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు వాణ్ణి కొట్టని చెయ్యి అది. ఆపమని కూడా నేను అనలేదు. నాలో ఒక ముక్క ఇంకొకటి పొడవమంటోంది. ఆ ముక్కను తల్చుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

ఇరుగుపొరుగు వచ్చారు. ఆటోలో వాణ్ణి, ఇంకో ఆటోలో పాపను, అక్కను ఎక్కించారు. దారి పొడవునా ఆవిడ పాప చేతికి పుస్తకం అట్ట కట్టుకర్రలా చుట్టి పట్టుకునే ఉంది.

సోమవారం సంగతి మధ్యలోనే చెప్పేస్తాను, మళ్లీ దాని జోలికి వెళ్లను. బడికి నేనే వెళ్లాను. లెక్కల టీచరు పుస్తకాల కట్టలోంచి అది తీసి, "ఈ పాప దీంట్లో ఒక్క లెక్క కూడా చేయలేదండి. మధ్యలో ఏవో పాత కాగితాలు కుట్టేసుకుంది. ఇంట్లో కాస్త చూసుకోండి" అంది. చూసుకుంటామమ్మా అన్నాను.

శనివారం సాయంత్రానికి తిరిగొస్తాను. సర్కారు ఆసుపత్రి వరండా. పాపకు పిండికట్టు వేశారు, నిద్రమందు ఇచ్చారు. గునపాన్ని కోసి, కుట్టి, వరండా చివరి గదిలో పడుకోబెట్టారు. బతుకుతాడన్నారు. ఆ మాట విన్నప్పుడు అక్క బల్ల మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. సంతోషమో దుఃఖమో నాకు తెలియలేదు. నాకైతే సంతోషం కలగలేదు, దాచడమెందుకు.

కండక్టరు డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు, టికెట్ల సంచి ఇంకా భుజానే ఉంది. వెనకే పోలీసాయన కాగితాల అట్టతో వచ్చాడు. వయసు మళ్లిన మనిషి, ఇళ్లలో గొడవలు చాలా చూసిన మొహం.

"అక్కా తమ్ముళ్ల వ్యవహారం" అన్నాడాయన మెల్లిగా. "పెనుగులాటలో వాడే పనిముట్టు మీద పడ్డాడని రాసేస్తాను. వాడితో కూడా అదే చెప్పిస్తాను. ఇద్దరికీ కేసు ఉండదు. ఏమంటారు?"

"అదే రాయండి సార్" అన్నాడు కండక్టరు వెంటనే. భార్య వైపు తిరిగాడు. "ఇంటి గొడవ ఇంట్లోనే పోనీ. నువ్వు జైలుకెళ్తే పాపను ఎవరు చూస్తారు? పడ్డాడని చెప్పు. ఒక్క మాట."

నాకూ అదే మంచిదనిపించింది. "సరేననక్కా" అన్నాను.

ఆవిడ మొగుడి వైపు చూసింది, నా వైపు చూసింది. "పడ్డాడని రాస్తే కుట్లు విప్పాక ఎక్కడికొస్తాడు?" అంది.

కండక్టరు టికెట్ల సంచి భుజం మార్చుకున్నాడు.

"వాడు పాప చెయ్యి విరిచాడు. అది రాయండి. నేను పొడిచాను. అదీ రాయండి" అంది పోలీసాయనతో. "రెండుసార్లు పొడిచాను. మొదటిసారి వాడి చేతిలో సీసా ఉంది. రెండోసారి ఏమీ లేదు. అది కూడా రాయండి."

"అమ్మా, ఆ రెండోది రాస్తే నిన్ను ఇప్పుడే తీసుకెళ్లాలి" అన్నాడాయన.

"సగం రాసి సగం వదిలేస్తే, రేపు వాడి లాయరు అంతా అబద్ధమంటాడు. పాప మాట కూడా అబద్ధమైపోతుంది."

ఆయన కలం మూత తీసి ఒకసారి పాప గది వైపు చూశాడు. తర్వాత రాశాడు. ఆవిడ మొదటి నుంచి చివరి దాకా చదివి సంతకం చేసింది. కండక్టరు గోడకు తిరిగి ఏడ్చాడు. ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసి, పాప మందులు ఏ పూట ఏవో చెప్పింది, రెండుసార్లు చెప్పించుకుంది. "ఈసారి పక్కకు జరగొద్దు. పాప పక్కనే ఉండు" అంది.

పోలీసాయన లేచేసరికి చివరి గదిలోంచి "అక్కా" అని వినపడింది. ఆ గొంతు గునపానిదంటే నమ్మలేం, అంత సన్నగా ఉంది. "అక్కా, దాహం."

ఆవిడ వెళ్లింది. నేను గుమ్మం దాకా వెళ్లాను. నీళ్లు తాగనివ్వకూడదు, పెదాలు తడపమని నర్సు దూది ఇచ్చింది. ఆవిడ వాడి తల కింద చెయ్యి పెట్టి, దూది ముంచి, పెదాలు తడిపింది. వాడు కళ్లు తెరవకుండానే దూదిని చప్పరించాడు. జ్వరం పిల్లలు చప్పరించినట్టు. ఇంకాస్త అన్నాడు. ఇంకాస్త తడిపింది.

"ఇంటికెప్పుడెళ్దాం అక్కా?"

ఆవిడ దూది పళ్లెంలో పెట్టింది. వాడి తలను నెమ్మదిగా దిండు మీదికి దించింది.

"ఇల్లు అమ్మించి నీ సగం నీకు పంపిస్తానురా. అది నీది" అంది. "నా ఇంటికి మాత్రం ఇంకెప్పుడూ రాకు."

వాడు విన్నాడో లేదో తెలియదు. ఆవిడ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, పాప గది వైపు చూడకుండా, పోలీసాయన వెంట మెట్లు దిగింది.